సింగడి భయం

స్క్రీన్ మీద సింగడి మెదడులోని ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. కుక్క తలకు బిగించిన హెడ్‌సెట్ సర్దుతూ డాక్టర్ హైమావతి చెప్పింది: "ఒక్కో చుక్కా ఒక చేదు జ్ఞాపకం రేపే భయం. జ్ఞాపకాన్ని చెరపం. దానికి ముడిపడ్డ భయాన్ని మాగ్నెటిక్ పల్స్‌తో వదులు చేస్తాం, అంతే."

"గంతే చాలమ్మా," అన్నాడు ఓదెలు. "నా బిడ్డను గూడ దగ్గరికి రానిస్తలేదు."

సింగడు బొగ్గుగనిలో ఓదెలు పెంచిన కుక్క. ఒకప్పుడు ఎవరు పిలిచినా తోకూపుకుంటూ పోయే వెర్రిబాగుల జీవి. పాపం, కప్పు కూలి రాళ్ల సందున ఒంటరిగా ఇరుక్కుని, ఆకలికి మెడపట్టీ నమిలి బతికొచ్చాక మనిషి నీడ పడితేనే పళ్లు చూపేది. కానీ కప్పు ఏమాత్రం డొల్లగా ఉన్నా దాని కింద అడుగు పెట్టేది కాదు. గనివాళ్లు ప్రతి షిఫ్టుకూ కర్రతో కప్పు తట్టి, చప్పుడు విని లోపలికి వెళ్లాలి. సింగడు ముందు నడవడం మొదలెట్టాక ఆ కర్ర కాస్తా మూలపడింది.

వైద్యం అయ్యాక అది మళ్లీ పాత సింగడైపోయింది. పిల్ల ఒళ్లో దొర్లింది. ఓదెలు సంబరం ఇంతా అంతా కాదు. మర్నాడు షిఫ్టులో అది ఉత్సాహంగా ముందు నడిచింది. అలవాటు కొద్దీ ఓదెలు, రాయమల్లు, మరో ఇద్దరు వెనకాలే నడిచారు. వాళ్లు దాటీదాటగానే కప్పు కూలి దారి మూసుకుపోయింది.

చీకటి. నోటినిండా బొగ్గుపొడి. గోడకున్న గని ఫోన్ ఒక్కటే పనిచేస్తోంది. కుక్క సంగతి అడగాలని ఓదెలు పట్టుబడితే, పైన రెస్క్యూ వాళ్లు డాక్టరమ్మను ఫోన్ దగ్గరికి పిలిపించారు.

"అమ్మా, ఇది ఆగలేదు!" అన్నాడు ఓదెలు.

"ఆగడం దాని భయమే, ఓదెలూ. అదే కదా తీసేశాం?"

"గా భయాన్నే మేం తెలివనుకున్నమమ్మా."

కొరివితో తల గోక్కున్నానని ఓదెలు కుమిలిపోయాడు. కోపం ఆమె మీద కాదు, తన మీదే. అంతలో పైన రాయి చిటపటమంది. ఇందాక కప్పు కూలడం మళ్లీ భయం నేర్పిందేమో, సింగడు వణికింది. గుర్రుమంటూ వెనక్కి తగ్గి, ఓదెలు ప్యాంటు పట్టి లాగింది. నలుగురూ దాని వెంట మూలకు పాకారు. అంతకుముందు వాళ్లు కూర్చున్న చోట బండ పడింది.

చివరికి అందరినీ బయటికి తీశారు. కానీ గని మొహం చూస్తే చాలు, నలుగురూ వెనక్కి తిరిగిపోతున్నారు. పని ఆగిపోతోందని యాజమాన్యం డాక్టరమ్మకు కబురు పెట్టింది.

ఆమె చేతిలో హెడ్‌సెట్ చూసి ఓదెలు గోడకు అతుక్కుపోయాడు. "నాకొద్దమ్మా. ఈ భయం నేను సచ్చి బతికి నేర్సుకున్నది."

"వద్దంటే ఉద్యోగం ఉండదంటున్నారు," అంది ఆమె తల వంచుకుని.

తలుపు తెరుచుకుంది. ముందే చికిత్స అయిపోయిన రాయమల్లు ముఖమంతా నవ్వుతో తొంగిచూశాడు.

"ఇంకా గీడనే కూసున్నవేందే ఓదెలన్నా? జల్ది కానీ, షిఫ్టు టైమైంది!"