తియ్యటి పొడి, కంపు పొడి

రహస్యం చెప్పుకోవడానికి మరమగ్గాల షెడ్డును మించిన చోటు లేదు. సూరత్‌లో తెలుగు నేతపనివాళ్లుండే లింబాయత్‌లో ఆ మగ్గాలన్నీ మొదలైతే ఎంతటి విదేశీ మైక్రోఫోన్ అయినా చెవులు మూసుకోవాల్సిందే. అందుకే గూఢచారి విభాగం చీఫ్ సదానందం బ్రీఫింగులన్నీ అక్కడే. సగం సైగలతో, సగం చెవిలో అరుపులతో.

ఆ చప్పుడులో మగ్గం పనివాళ్లంతా సైగలతోనే మాట్లాడుకుంటారు. చెయ్యెత్తి రెండు వేళ్లు కత్తెరలా ఆడించి పిడికిలి బిగిస్తే, ‘పోగు తెగింది, మగ్గం ఆపు’ అని. ఏజెంట్ నవతకు అక్షరాల కన్నా ముందు ఆ సైగలే వచ్చాయి. కోడ్ నేమ్ ‘కండె’, మగ్గం నాడెలో తిరిగే నూలు చుట్ట.

2021 వేసవి, సెకండ్ వేవ్. దేశం దేశమే ముఖాలు కప్పుకుని తిరుగుతోంది. గూఢచారులకు అంతకన్నా మంచి కాలం రాదు. కానీ ఆ పొద్దున నవత గుండె గుండెలో లేదు.

ఆమె తండ్రి, బాపు మొండయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. షెడ్డు గేటు దగ్గర నుదుటికి థర్మామీటర్ గన్ పెడుతున్నారు. జ్వరం చూపిస్తే పని లేదు. మనిషి ఊరుకున్నాడా! జ్వరం బిళ్లలు గుప్పిళ్లతో మింగి రోజూ లోపలికి పోయాడు. గన్ మోసపోయింది, కాలేయం మోసపోలేదు. ఆ బిళ్లల విషానికి ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు సాయంత్రంలోగా పడాలన్నాడు డాక్టర్. ఊళ్లో ఒక్క ప్యాకెట్టు దొరికితే ఒట్టు.

“ఎందుకు దొరుకుతలేదో ఎరికేనా?” సదానందం ఆమె చెవిలో అరిచాడు. “‘ఐవరీ’ ముఠా, బయటిదేశపోళ్లు. సరుకంతా ఊడ్చి ఓడెక్కిస్తున్నరు. కొరత చేసి, మనకే పదింతల రేటుకు అమ్ముతరట.”

“ఆ పొడి ఎట్లుంటది?”

“అమినో యాసిడ్ జాతి. జుట్టుల, ఈకల ఉండే సిస్టీన్‌ను యాసిడ్ల ఉడకబెట్టి తీసి, దానికి అసిటైల్ తగిలిస్తరు. తెల్లగ, పుల్లగ, కుళ్లిన గుడ్ల కంపు. గాలి, తేమ తగలద్దు. ఇనుము, రాగి, రబ్బరు ముడితే ఖరాబ్. దాని జాగల వీళ్లు గ్లైసిన్ పెడుతున్నరు. అది గూడ తెల్లటి అమినో యాసిడే. తియ్యగుంటది, వాసన రాదు. తింటే ఏం గాదు, గని విషం దిగదు.”

నవతకు ఒళ్లు మండింది. విషం ఇచ్చినా ఇంత కోపం వచ్చేది కాదు.

“ఊరి బయట కిమ్‌ల ఉన్న ప్యాకింగ్ యూనిట్‌ల రెండు లారీలున్నయ్,” అన్నాడు సదానందం. “ఒకటి ఆస్పత్రులకు, ఒకటి పెట్టెల మీద గ్లైసిన్ లేబుల్‌తోటి హజీరా రేవుకు. అసలు మందు ఏ లారీల ఉన్నదో తేల్చు. రేవుల క్రేన్ మీద మన నర్సింగం ఉన్నడు, ఒకప్పుడు నీ పక్క మగ్గమే. కిమ్‌ల పద్మారాణి కలుస్తది.”

ఒక పెన్ను చేతిలో పెట్టాడు. అందులో సిరా లేదు, ఇనుప లవణం ద్రావణం ఉంది. పొడి కలిపిన నీళ్లలో ఒక్క చుక్క వేస్తే, అసలు మందు నీలంగా మెరిసి మాయమవుతుంది. గ్లైసిన్ అయితే ఎర్రబారుతుంది. ఆ పెన్ను నవతకు అవసరమే. కిందటి నెల జ్వరంలో సెలవు పెట్టిన ఆమె ముక్కూ నాలుకా ఇంకా డ్యూటీలో చేరలేదు.

కిమ్ యూనిట్‌లోకి పీపీఈ కిట్టులో, వీపున శానిటైజర్ డబ్బాతో దిగింది. గేటు దగ్గర అంబులెన్స్ ఒకటి, లోపల రెండు లారీలు. వాటి మధ్య పద్మారాణి. సిల్కు మాస్కు, వరాఛా బజారు వజ్రాల బ్రోచ్, హీల్స్. మొండయ్య పనిచేసే షెడ్డు ఓనర్ కూతురు, ముఠాలోకి డిపార్ట్‌మెంట్ పంపిన మనిషి.

“పడుగు బిగువుగున్నదా?” అంది పద్మారాణి.

“పేక దొరికితే చూస్త.”

కోడ్ కలిసింది.

“ఆస్పత్రి లారీల అసలు మందే ఉన్నది. నేనే మార్పించిన. హజీరా బండిని పోనియ్, ఉత్త గ్లైసిన్.” ఒక ప్యాకెట్టు చింపి, మాస్కు దించి వాసన చూసింది. “అబ్బ, ఏం కంపే తల్లీ! మీ బాపుకు ఇదే తీస్కపో.”

నవత కూడా వంగింది. ముక్కుకు ఏమీ తగల్లేదు. హజీరా లారీ గేటు దాటింది. ప్యాకెట్టు పట్టుకుని పరుగెత్తాలని కాళ్లు పీకుతున్నాయి, బాపుకు ఒక్కో గంటా గండమే. అయినా పళ్లు బిగించి, మంచినీళ్ల సీసాలో చిటికెడు వేసి, పెన్ను చుక్క వదిలింది.

ఎర్రబారింది!

“పద్మక్కా, నా ముక్కు సచ్చిందని నీకెవలు చెప్పిండ్రు?”

“నీ మెడికల్ ఫైలే,” పద్మారాణి నవ్వింది. “ఐవరీ వాళ్లిచ్చేది నీ సర్కారు ఇస్తదా?” అంటూ కారెక్కి, “దీన్ని పట్టుకోండ్రి!” అని అరిచింది. మీద పడ్డ గార్డు కళ్లలోకి నవత శానిటైజర్ చిమ్మి, గేటు దగ్గరి అంబులెన్స్‌లోకి దూకి సైరన్ వేసింది. ఆ రోజుల్లో సైరన్‌కు దారివ్వని బండి లేదు.

హజీరా జెట్టీ చేరేసరికి లారీ ఖాళీ అయింది. సరుకు కంటైనర్ క్రేన్ కొక్కేనికి వేలాడుతూ ఓడ వైపు జరుగుతోంది. ఫోన్ పనిచేయలేదు, వాకీటాకీ పనిచేయలేదు. కింద నిలబడిన పద్మారాణి బ్రోచ్‌ను ముద్దుగా తట్టింది. వజ్రాల మధ్య జామర్!

ఇంజిన్ల మోతలో ఎంత అరిచినా నర్సింగానికి వినపడదు. నవత అంబులెన్స్ పైకెక్కింది. చెయ్యెత్తి, రెండు వేళ్లు కత్తెరలా ఆడించి, పిడికిలి బిగించింది. మళ్లీ. మళ్లీ. చేతులను జామ్ చేసే మిషన్‌ను ఏ దేశమూ ఇంకా కనిపెట్టలేదు.

ఓడ అంచుకు జానెడు ఇవతల క్రేన్ ఆగిపోయింది. కంటైనర్ మెల్లగా వెనక్కి తిరిగింది.

“ఏం జేసినవే? ఏం చెప్పినవ్ వానికి?” పద్మారాణి గొంతు చిరిగింది.

“మీ నాయిన షెడ్డుల ఒక్కనాడన్న అడుగు పెడితే నీకే తెలుస్తుండె,” అంది నవత, కిందికి దూకి ఆ బ్రోచ్ పీకి కాలి కింద నలిపేస్తూ.

జామర్ ఆగగానే ఫోన్ పలికింది, సదానందానికి కబురు పోయింది, వెనకే పోలీసు జీపులు వచ్చాయి. కంటైనర్లోని ప్యాకెట్టు చింపి నవత చుక్క వేసింది. నీలం మెరిసి మాయమైంది. అంత అందమైన రంగు ఆమె జన్మలో చూడలేదు. కళ్లు తుడుచుకుని బండి తిప్పింది.

ఎండ ఇంకా దిగలేదు. డాక్టర్ ఆమె తెచ్చిన, విప్పని ప్యాకెట్టు సీలు సరిచూసి, పొడిని గాజు గ్లాసులో నీళ్లతో కలిపి మొండయ్య నోటికి అందించాడు. ఒక గుటక పడగానే ముసలాయన ముఖం ముడుచుకుపోయింది.

“థూ! కుళ్లిన గుడ్ల కంపు. ఏందిది బిడ్డా?”

ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉన్న నవతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“మంచిగున్నది బాపూ. మొత్తం తాగు.”

“జర తియ్యగుండేది దొరకలేదా?”

“దొరికింది,” అంది నవత. “అమ్మెటోళ్లను లోపలేసి వచ్చిన.”