గోడ మీద మిగిలిన మీసం

జగిత్యాలలోని డిటెక్టివ్ రాజలక్ష్మి ఆఫీసుకు అఖిల బట్టల బ్యాగుతోనే వచ్చింది. కూర్చుంది గాని బ్యాగు మాత్రం ఒళ్లోంచి దించలేదు.

"మా ఇంట్లనే దొంగ ఉన్నరు మేడం. నా నర్సు పరీక్ష చెడగొడుతున్నరు. ఎవరో తేల్చుండ్రి. సిరిసిల్ల బస్సెక్కి మా అమ్మగారింటికి పోత. మల్ల కోరుట్ల మొకం చూడ."

"ఏం పోయినయ్?"

"అట్టముక్కలు."

అసిస్టెంట్ ఓదెలుకు నవ్వొచ్చింది. మేడం చూపు తగిలి మింగేశాడు.

చివరి అక్షరాలు ఒకటే ఉన్న ఇంగ్లీషు మాటలను ఒక్కో వరుసగా, కింద తెలుగు అర్థంతో అట్టముక్కల మీద రాసి గోడకు అంటించుకుంది అఖిల. పొద్దంతా గట్టిగా చదివేది. అందులో 'ఎ సి హెచ్ ఇ' వరుసలోవి మాయమయ్యాయి.

కోరుట్లలో ఆ ఇంటి అరుగు మీద, ఎండలో, అత్త దేవవ్వ బీడీలు చుడుతోంది. లోపల ఫ్యాను ఉత్తగా తిరుగుతోంది. ఓదెలు మెడలోని కార్డు మీది పేరును ఆమె కూడబలుక్కుని చదివింది.

"ఓదెలా? మా ఓదెల మల్లన్న దేవుని పేరే. రా కొడుకా."

లోపల ఆడబిడ్డ కళ్యాణి మూతి ముడిచింది. "ఇంట్ల ఇంగ్లీషు అచ్చేది నాకే గదా, నన్నే పట్టుకోండ్రి!"

రాజలక్ష్మి గోడ ముందు నిలబడింది. పోయిన వరుసలో ఒక్క ముక్కే మిగిలింది. ముస్టాష్, మీసం.

"మిగతావేంది?"

"హెడేక్, టూతేక్, బ్యాకేక్. తలనొప్పి, పంటినొప్పి, నడుంనొప్పి," అంది అఖిల.

"పక్క వరుసల గీ ఖాళీ?"

"చెస్ట్ పెయిన్. ఛాతీనొప్పి."

రాజలక్ష్మి అందరినీ అరుగు మీదికి పిలిచింది.

"కళ్యాణి కాదు. ఇంగ్లీషు చూసి తీసినోళ్లయితే మీసాన్ని ఇడిసిపెట్టరు, చెస్ట్ పెయిన్ జోలికి పోరు. దొంగ చదివింది కింది తెలుగు. నొప్పి అని ఉన్నదల్ల తీసిండ్రు."

దేవవ్వ చేతిలో బీడీ ఆగింది.

"అవ్వా, ఫ్యాను ఇడిసి ఎండల ఎందుకు కూసున్నవ్?"

"తంబాకు వాసనకు కోడలు పిల్లకు కడుపుల తిప్పుతున్నది," అంది దేవవ్వ మెల్లగా. "నాకు చెప్పకపోతే తెల్వదా? కడుపుతోటున్న పిల్ల పొద్దంత నొప్పి నొప్పి అంటుంటె నా పానం ఆగుతదా?"

అఖిల తల దించుకుంది. "తెలిస్తే సదువు బంద్ పెడ్తరనుకున్న అత్తమ్మా."

"ఎవలు పెడ్తరు? నేను సచ్చిన్నా?"

దేవవ్వ చాటలోని తునికాకుల కింద నుంచి, బీడీ దారంతో కట్టిన అట్టముక్కలు తీసింది. "పరీక్ష రాయి బిడ్డా. గని నొప్పి మాట నీ నోట రావద్దు. ఆ తెలుగు మాట నేనే అంట. నువ్వు ఇంగ్లీషే చెప్పు."

"ఇంగ్లీషుల గూడ నొప్పే గదనే అమ్మా!" అంది కళ్యాణి.

"కడుపుల పిల్లకు ఇంకా ఇంగ్లీషు రాదే!"

ఓదెలు ఈసారి నవ్వు మింగలేదు. మేడం కూడా నవ్వుతోంది.

దేవవ్వ పై ముక్కను కళ్ల దగ్గర పెట్టుకుంది. "త... ల... నొప్పి."

అఖిల బ్యాగు కింద పెట్టింది. "హెడేక్."