బల్ల దగ్గర చాచిన చెయ్యి

దేవరాజుకు ఈ లోకంలో ఎవరి మీదైనా కోపం ఉందంటే అది కన్నకొడుకు క్రాంతి కుమార్ మీదే. పరాయివాళ్ళు ఎన్ని అన్నా దులిపేసుకొని పోయే మనిషి. కానీ ఆ ఆదివారం పొద్దున పొయ్యి పక్కన కూర్చొని, టీ గ్లాసు చేతిలో పెట్టుకొని కొడుకు అన్న మాట మాత్రం దులిపితే పోలేదు.

నెలలో మొదటి ఆదివారం. ఆళ్లగడ్డలో వాళ్ళ పేట చర్చిలో, యేసు విరిగిన శరీరానికి గుర్తుగా రొట్టె, రక్తానికి గుర్తుగా ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల సంస్కారం జరిగే రోజు. రొట్టెలు చేసే వంతు ఈసారి వాళ్ళింటిదే. కృపమ్మ తలకు పోసుకొని, పులియని గోధుమపిండి రొట్టెలు పెనం మీద కాలుస్తోంది. ఉడికించిన నల్లద్రాక్ష రసం స్టీలు గిన్నెలో చల్లారుతోంది. నంద్యాలలో మూడేళ్ళు బైబిలు చదువు చదివిన కొడుకు సొంత ఊరికే పాస్టరుగా వచ్చి, మొదటిసారి తన చేత్తో రొట్టె విరవబోతున్నాడు. దేవరాజు అందుకని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తీసి వేసుకుంటున్నాడు.

"నాయనా, ఈపొద్దు నువ్వు బల్లలో చెయ్యి పెట్టద్దు."

"ఏందీ?" గుండీ పెట్టుకుంటున్న చెయ్యి ఆగింది.

"నువ్వు తెల్లారితే రాతి విగ్రహాలు చెక్కే పనికి పోతాండావు. ప్రభువు బల్లకూ విగ్రహాల బల్లకూ రెండిటికీ చెయ్యి చాచకూడదని బైబిల్లో పౌలు రాసినాడు. తగని బతుకుతో తిన్నోళ్ళు రోగాల పాలైనారని గూడా రాసినాడు."

"అంటే నా దగ్గు అందుకే వచ్చిందంటావు."

కొడుకు తల వంచుకున్నాడు. "భయమైతాంది నాయనా. ఆ పని మానుకొని, కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉండి ప్రార్థన చేసుకుంటే బాగైతావేమోనని."

"నంద్యాల డాక్టరు రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నాడు. ఫోటో తీసి చూపిచ్చినాడు. నువ్వు ఏం ఫోటో తీసినావప్పా?"

"ఎగతాళి చేయద్దు. పాత పాస్టరు అయ్యగారు చూసీ చూడనట్టు పోయినారు. నేను దేవునికి జవాబు చెప్పుకోవాల."

"నీ ఫీజు కట్టేటప్పుడు ఆ దుడ్లకు విగ్రహాల వాసన రాలేదా? పాస్టరైతే నాకింత అన్నం పెడతావనుకుంటి. ఉన్న రొట్టెముక్క గూడా పెరుక్కుంటాండావు."

"దేవుని రొట్టె కాలుస్తాండా, ఈడనే కొట్లాట పెట్టుకుంటారా?" అని కృపమ్మ అరిచింది. ఆ అరిచే ధ్యాసలో ఒక రొట్టె అంచు మాడింది.

దేవరాజు చర్చికి పోయాడు. కావాలనే పోయాడు. చివరి వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఇంట్లో ఏదో అన్నాడు గాని, అందరి ముందు తండ్రి చేతిని దాటిపోతాడా అని లోపల చిన్న ఆశ.

క్రాంతి రొట్టె విరిచి, పళ్ళెం పట్టుకొని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. దేవరాజు ఎడమచేతి మీద కుడిచెయ్యి ఆనించి చాచాడు. ఎంత తోమినా పోని రాతిదుమ్ము ఆ అరచేతి గీతల్లో తెల్లగా కనిపిస్తోంది. పళ్ళెం ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పక్కమనిషి దగ్గరికి జరిగింది.

చాచిన చెయ్యి ఎట్లా దించుకోవాలో కూడా తెలియలేదు దేవరాజుకు. దగ్గు పొంగుకొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఇంకెందుకు బతకాలి అనిపించింది. పని చేసే ఊపిరి లేదు, చేను లేదు, దేవుని ఇంట్లో ముక్క రొట్టె కూడా లేకపోయింది.

లోపలినుంచి కృపమ్మ గొంతు వినిపించింది. "నాకొద్దు. ముందు ఒక మాట చెప్పు అయ్యగారూ."

కన్నకొడుకును ఆమె అయ్యగారూ అనడం అదే మొదలు.

"అమ్మా, కూర్చో. అందరూ చూస్తాండారు."

"చూడనీ. మీ నాయన ఇన్నేండ్లు రాయి కొట్టినాడే, ఒక్క బొమ్మకైనా కళ్ళు పెట్టినాడేమో అడిగినావా? 'నీ చెయ్యి మంచిది దేవరాజూ, ముఖం పని నువ్వే చెయ్యి, కూలి రెండింతలిస్తా' అని మేస్త్రి శేషయ్య ఎన్నిసార్లు ఇంటికి రాలే! ముడిరాయి కొడతా, పాలిష్ పడతా, కళ్ళు మాత్రం పెట్టనన్నాడు. కళ్ళు పెడితే అది దేవుడైతాదంట. అప్పుడు ఈ బల్ల కాడ చెయ్యి చాచలేనంట. దుమ్మంతా ఆ ముడిరాయి కాడనే రా! ఈ ముక్క కోసరం ఆ దుమ్ము తిన్నాడు మీ నాయన."

కృపమ్మ గొంతు ఇంకా పెరిగింది.

"విరిగిన శరీరం, విరిగిన శరీరం అని చదువుతాండావే, అది ఎట్లుంటాదో తెలీదా నీకు? ఆ మెట్ల మీద కూర్చోనుండాది. పోయి చూడు."

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. క్రాంతి పళ్ళెంతో వచ్చి, తెల్ల అంగీ మాసిపోతుందని కూడా చూడకుండా తండ్రి కాళ్ళ దగ్గర కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలే నాయనా?"

"నాకూ దేవునికీ ఉన్న మాట అది. నీకేం చెప్పేది?"

"తన్ను శత్రువులకు అమ్మేసే శిష్యుడని తెలిసి గూడా ఆ కడపటి రాత్రి వాని చేతికి ముక్క అందించినాడు ప్రభువు. ఎన్నిసార్లు చదివినానో. చదివి చదివి, కన్నతండ్రిని దాటుకొని పోయినా." క్రాంతి మాట ఏడుపులో కలిసిపోయింది. "తగనోన్ని నేను. ముందు నువ్వు నాకు పెట్టు నాయనా, నీ చేత్తో."

దేవరాజు కోపం పోలేదు. పోతుందని కూడా అనిపించలేదు. అయినా ఏడుస్తున్న కొడుకు నోరు చూస్తే చిన్నప్పటి నోరే. పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి వాడి నోట్లో పెట్టాడు. క్రాంతి ఇంకో ముక్క తీసి, రెండు చేతులతో తండ్రి అరచేతిలో ఉంచాడు. అది పొద్దున మాడిన అంచు.

మింగితే దగ్గొస్తుందని దేవరాజు దాన్ని బుగ్గన పెట్టుకొని నాననిచ్చాడు. కళ్ళనీళ్ళు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. ఇంక ఊపిరి బాగుపడేది కాదు, అది డాక్టరు చెప్పేశాడు. కళ్ళు పెట్టే పని ఒప్పుకొని ఉంటే ఇంత దుమ్ము తినేవాడు కాదు, కొడుకు చదువు కోసం చేను అమ్మే గతీ పట్టేది కాదు. నాలుక మీద మెత్తబడుతున్న ఆ ముక్క ఖరీదు అతనికి బాగా తెలుసు. ఉయ్యాలవాడ దారిలో, కాలువ పక్కన, నల్లరేగడి, ఎకరా ముప్పై సెంట్లు.