పిల్లులు పట్టించుకోని పడవ

"సెలవు తీసుకో," అన్నాడు చీఫ్. "మీ ఆవిడని వెంటబెట్టుకుని ఈ అడ్రసున్న పల్లెకి పో. సముద్రం చూడు, చేపలు తిను. ఇది ఆర్డర్."

ఏజెంట్ డేగకు ఒళ్ళు మండిపోయింది. తన పార్ట్‌నర్‌ని విదేశీ ముఠా నడిరోడ్డు మీద కాల్చి చంపి వారం తిరగలేదు. వాళ్ళను వేటాడాల్సినవాడు గవ్వలు ఏరుకోవాలట!

పల్లె చేరాక ఆ మంట ఇంకా పెరిగింది. లాజ్ మేనేజరమ్మ ఒకతి. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. పొద్దున్నే తగులుకునేది.

"గాలం వేశారా సార్? పోనీ, పడవ షికారు? గైడ్‌గా నేనూ వస్తాను."

"నాకేం అక్కర్లేదు," కసిరాడు డేగ.

"మీరు మూతి ముడుచుకుని కూర్చోండి. నేను వెళ్తున్నా," అంది భార్య. పెళ్ళయ్యాక ఆమె చూసిన మొదటి సెలవు అది.

విసుక్కుంటూనే డేగ ఆమెను సాగనంపడానికి రేవుదాకా వచ్చాడు. అక్కడ వేట పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. ప్రతి పడవకూ పిల్లుల దండు ఎదురు పరుగెడుతోంది. భార్య, మేనేజరమ్మ ఎక్కి కూర్చున్న పడవ కూడా వేట నుంచి అప్పుడే వచ్చిందట.

"రాత్రంతా వేటే సార్! పెట్టె నిండా చేపలే. వీళ్ళని తిప్పి తెచ్చాక దింపుతా," అన్నాడు పడవవాడు ఐసు పెట్టె మీద చెయ్యేసి.

ఇంజన్ స్టార్టయింది. డేగ చిరాగ్గా మొహం తిప్పుకోబోయి ఆగిపోయాడు. ఆ పడవ పక్కనే గట్టు మీద పడుకున్న పిల్లుల్లో ఒక్కటీ తలెత్తలేదు.

పెట్టె నిండా చేపలుంటే పిల్లి ఊరుకుంటుందా?

రేవుకి కాస్త దూరంలో నేవీ ఆయిల్ ట్యాంకర్ లంగరేసి ఉంది. పడవ అటే తిరిగింది. షికారుకొచ్చిన ఆడవాళ్ళున్న పడవను ఏ పెట్రోలింగ్ ఆపుతుంది? డేగ గట్టు చివరిదాకా పరుగెత్తి ఒక్క గెంతున పడవలో పడ్డాడు.

పడవవాడి చేతిలోకి పిస్టల్ వచ్చింది. "నీ పార్ట్‌నర్ దగ్గరికే నువ్వూ పో!"

ఢాం!

పడవవాడు మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. మేనేజరమ్మ చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం పొగలు కక్కుతోంది.

"నీడ తడిసింది," అందామె.

"ఎండ ఆరింది," అన్నాడు డేగ అప్రయత్నంగా. అది తన డిపార్ట్‌మెంట్ కోడ్!

"ఈ ముఠా మనిషిలా నటిస్తున్నా. బాంబు ఎక్కడ పెట్టారో మాత్రం నాకూ చెప్పలేదు."

డేగ పెట్టె మూత ఎత్తాడు. ఐసు కింద టైమర్ ముల్లు సున్నాను తాకబోతోంది.

"ఆ పక్క పట్టుకో!" అని అరిచాడు. భార్య మారు మాట్లాడకుండా పట్టింది. పెట్టె నీళ్ళలో పడింది. మేనేజరమ్మ ఇంజన్‌ను ఫుల్ స్పీడ్‌లోకి నెట్టింది. వెనక సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి అందర్నీ తడిపి ముద్ద చేసింది.

డేగ లైటర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కి జరిగింది చెప్పాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "టూరిస్టులు ఎక్కితేగానీ ఆ పడవ కదలదని తెలుసు. ముందే చెబితే నువ్వు మీ ఆవిడని తీసుకెళ్ళవు కదా!"

"నా భార్యని ఎరగా వేశావా? సిగ్గుందా నీకు?" అరిచాడు డేగ.

"డ్యూటీ, డేగా. ఆమెకి నా థాంక్స్ చెప్పు."

డేగ లైటర్‌ను భార్య చేతికిచ్చాడు. ఆమె కొంగు పిండుకుని, గొంతు సవరించుకుంది.

శత్రువుల ఇంటరాగేషన్లలో ఏనాడూ నోరు విప్పని చీఫ్, ఆ పూట అడిగినవీ అడగనివీ కూడా ఒప్పేసుకున్నాడు.