బోణీ కాని వార్త

"పాత మెంతులున్నాయా?"

"పాతవి పురుగు పట్టినయ్. కొత్తవి ఎండబెట్టినం, లోపల్కి రాండ్రి."

కోడ్ సరిపోయింది. హరికృష్ణ హనుమకొండలోని ఆ కిరాణా కొట్టు కౌంటర్ దాటి లోపలికి వెళ్ళాడు. బియ్యం బస్తాల వెనక చిన్న గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాజేశ్వర్ రావు మిర్చి బజ్జీ తింటున్నాడు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు ఆయన చీఫ్. ఎవరి కంటా పడకూడని మనిషి కాబట్టి బజ్జీ తినాలన్నా ఇలా బస్తాల వెనకే తినాలి.

"తిను. వేడిగా ఉన్నాయి."

హరికృష్ణ తిన్నాడు. వేడి మాత్రం తెలిసింది. కారం తెలియలేదు.

కిందటి ఏడాది ఒక మిషన్‌లో అతను ఆలస్యంగా చేరుకున్నాడు. వేరే రాష్ట్రంలో చిన్న ఊరు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడని వాట్సాప్‌లో వచ్చిన ఒక్క వీడియో చూసి, జనం ఒక చేపల వ్యాపారిని కొట్టి చంపేశారు. హరికృష్ణ జీపు దిగేసరికి రోడ్డు మీద ఒక చెప్పు, మూత ఊడిన టిఫిన్ డబ్బా ఉన్నాయి. ఆ రోజు నుంచి అతనికి కోపం లేదు, ఏడుపు లేదు, నాలుకకు రుచి లేదు. డాక్టర్లు స్కానింగులన్నీ చేసి అంతా నార్మల్ అన్నారు. డిపార్ట్‌మెంట్ భాషలో నార్మల్ అంటే డ్యూటీకి పనికొస్తాడని అర్థం.

"అదే ముఠా," అన్నాడు చీఫ్ వేళ్ళు తుడుచుకుంటూ. "మనం పెట్టిన పేరు కార్ఖానా. విదేశంలో కూర్చుని అబద్ధాలు తయారు చేసి అమ్ముతారు. అమ్మే ముందు ఏదో ఒక ఊళ్ళో ట్రయల్ వేసి కస్టమర్‌కు చూపిస్తారు. ఈసారి ట్రయల్ వరంగల్‌లో."

"టార్గెట్?"

చీఫ్ ఫోన్‌లో ఫొటో చూపించాడు. తెల్లగడ్డం, మెడలో తువ్వాలు, భుజాన గోనె సంచి.

"ఎల్లస్వామి. ఏటూరునాగారం నుంచి ప్రతి సోమవారం బస్సులో వస్తాడు. బజారులో స్టీల్ సామాన్ల దుకాణాల ముందు కూర్చుని తేనె అమ్ముతాడు. పరాయి మనిషి, చేతిలో సంచి. వాళ్ళకు ఇంకేం కావాలి?"

"ఆయనకు తెలుసా?"

"చెప్పలేదు. చెబితే రాడు. వాళ్ళు ఇంకో సంచిని వెతుక్కుంటారు. వీడియో వదిలే రోజు వాళ్ళ మనుషులు బజారులో ఉండి జనాన్ని రెచ్చగొడతారు. అప్పుడే పట్టుకోవాలి."

"అంటే ఆయన ఎర."

చీఫ్ ఇంకో బజ్జీ అందుకున్నాడు. నిజానికి అక్కడ కోపం రావాలి. హరికృష్ణ కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

కవర్ మాత్రం కొత్తగా ఉంది. వ్యాపారుల సంఘం హాల్లో 'డిజిటల్ పౌరసత్వం' టీచరు. ఆన్‌లైన్‌లో వచ్చే ద్వేషాన్నీ అబద్ధాన్నీ ఎలా గుర్తుపట్టాలో బజారు వాళ్ళకు నేర్పాలి. "ఉత్త కవరే అనుకోకు," అన్నాడు చీఫ్. "జనం ఫార్వర్డ్ కొట్టకపోతే కార్ఖానాకు పనే లేదు. నిజంగానే నేర్పు."

గ్యాడ్జెట్లు రెండు ఇచ్చాడు. వినికిడి మిషన్‌లా కనిపించే ఇయర్‌పీస్. పవర్ బ్యాంకులా కనిపించే జామర్, నొక్కితే చుట్టుపక్కల ఫోన్లన్నీ మూగబోతాయి.

"లోపలి మనిషి ఎవరు సర్?"

"స్రవంతి. వీడియోలు చేస్తుంది, లక్షల మంది ఫాలోయర్లు. కార్ఖానా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది."

"నిజానికి ఎవరి వైపు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

*

ఇయర్‌పీస్ పుణ్యాన మొదటి రోజే బజారు అతనికి 'చెవుల మిషన్ సారు' అని పేరు పెట్టింది. క్లాసుకు వచ్చిన ఆడవాళ్ళంతా అతనితో గొంతు చించుకుని మాట్లాడేవారు. ఆ కేకలన్నీ ఇయర్‌పీస్ మైకులోంచి సూటిగా చీఫ్ చెవిలో పడేవి.

"సోర్స్ వెరిఫికేషన్ చాలా ముఖ్యం," అని హరికృష్ణ స్క్రీన్ మీద బాణం గుర్తులు చూపించేవాడు. వెనక బెంచీలో ఆవలింతలు. ముందు బెంచీలో స్టీల్ సామాన్ల దుకాణం వరలక్ష్మి, పక్కన బట్టల దుకాణం పద్మలత. 'బజార్ కుటుంబం' అనే పెద్ద వాట్సాప్ గ్రూపును నడిపేది వరలక్ష్మే. పాఠం జరుగుతుండగానే ఆమె వేలు ఫార్వర్డ్ కొడుతూ ఉండేది. ఉప్పులో గాజు పొడి, నీళ్ళ ట్యాంకులో విషం, ఫలానా కులంవాళ్ళ హోటల్లో తినొద్దు. వచ్చింది వచ్చినట్టు పంపడమే.

"అక్కా, అది నిజమో కాదో చూసినవా?"

"నిజమైతే మంచిదాయె, కాకుంటే ఏం పాయె? జాగ్రత్తకు పంపిన సారూ!"

ఆ 'ఏం పాయె'కు జవాబు అతని దగ్గర ఉంది. ఒక చెప్పు, ఒక టిఫిన్ డబ్బా. అది చెప్పకుండా స్క్రీన్ మీద తర్వాతి బాణం గుర్తు చూపించాడు.

దారి దొరికింది క్లాసులో కాదు, ఆమె దుకాణంలో. ఒక పొద్దున్న అతను అక్కడికి వెళ్ళి, "అక్కా, నిన్న నువ్వు పంపిన వార్త అబద్ధమట," అని మొదలుపెట్టాడో లేదో, వరలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

"బోణీ కాలే సారూ! బోణీ కాకముందు చెడు ముచ్చట తియ్యకు."

మొదటి గిరాకీ చేతి డబ్బు కళ్ళకద్దుకునేదాకా ఆ బజారులో అప్పివ్వరు, కొట్లాడరు, పాడు మాట పలకరు. తాతల నాటి పద్ధతి. ఎంత గయ్యాళి అయినా బోణీ దాకా నోరు కట్టేసుకుంటుంది. హరికృష్ణ ఆ చేతి వంక చూస్తూ అలాగే నిలబడ్డాడు.

మర్నాడు స్క్రీన్ తీసేశాడు.

"వార్తకు గూడ బోణీ ఉండాలె," అన్నాడు. "నా కళ్ళతోటి చూసిన అని పేరు చెప్పి ఒక్క మనిషి ముంగటికి రావాలె. గదీ బోణీ. అప్పటిదాక ఆ ముచ్చట ఎవ్వలకు పంపొద్దు. కొట్లాటల మాట, కులం మాట, పిల్లల మాట అయితే అసలే పంపొద్దు."

"గిదేందో ముందుగాలనే చెప్తే అయిపోవు గద సారూ," అంది వరలక్ష్మి.

ఆ రోజు నుంచి గ్రూపులో ఏ వీడియో పడినా కింద ఒకటే ప్రశ్న: 'బోణీ ఎవలు చేసిన్రు?' చెప్పేవాళ్ళు లేక వచ్చిన వార్త వచ్చినట్టే చచ్చిపోయేది. ఆన్‌లైన్ అబద్ధాలు అంత నిశ్శబ్దంగా చావడం హరికృష్ణ ఎన్నడూ చూడలేదు. సంతోషించాలని అతనికి తెలుసు.

*

స్రవంతి కొత్తవాడలో ఒక జంపఖానాల దుకాణంలో రీల్ తీసుకుంటూ కలిసింది. ఎర్ర పట్టుచీర, నల్ల కళ్ళజోడు, ఆమె అడుగుపెడితే సెంటు వాసన ముందు వచ్చేదని జనం అనేవారు. హరికృష్ణ ఆ వాసన కూడా గమనించలేదు. కెమెరా ఆపి ఆమె జంపఖానా బేరం చేస్తున్నట్టు వంగింది.

"మీ గ్రూపుల కార్ఖానా మనిషొకడు చేరిండు. బోణీ సంగతి వాళ్ళకు తెలిసిపోయింది," అంది చిన్నగా. "అందుకని నన్నే బోణీ చేయమన్నరు. సోమవారం పొద్దుగాల వీడియో వస్తది. నేను బజార్ల నిలబడి లైవ్ పెట్టి, 'ముసలోడు పిల్లను సంచిల వేసుడు నా కళ్ళతోటి చూసిన' అనాలె."

"అంటవా?"

"అనకుంటే వాళ్ళు నన్ను ఊకోరు. అంటే ఏమైతది? రెండు దెబ్బలు కొడ్తరు, పోలీసులొస్తరు, గంతే గద?"

హరికృష్ణ ఒక జంపఖానా చేతిలోకి తీసుకున్నాడు. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు చెప్పాడు.

"ముందు కాలర్ పట్టుకుంటరు. ఒకడు కొట్టినంక అందరు కొడ్తరు, కొట్టకపోతే ఎట్లనో అన్నట్టు. ఆయన పడిపోయినంక గూడ వీడియో తీస్తనే ఉంటరు. చేపలు అమ్ముకునేటోడు. పొద్దున బువ్వ కట్టించుకొని ఇంట్లకెళ్ళి బయల్దేరిండు. నేను పోయేసరికి ఆయన చెప్పు ఒకటి ఉన్నది. రెండోది యాడ పోయిందో ఎంత దేవులాడినా దొరకలే. వాళ్ళింటికి నేనే పోయి ఆ ఒక్క చెప్పు ఇచ్చిన."

అతని గొంతులో ఏ మార్పూ లేదు. స్రవంతి కళ్ళజోడు వెనక ఏముందో అతనికి కనిపించలేదు. బేరం కుదరనట్టు తలతిప్పి వెళ్ళిపోయింది.

*

సోమవారం. ఎల్లస్వామి ఎప్పటిలాగే సంచి దించి, సీసాలు ఒక్కొక్కటే తువ్వాలుతో తుడిచి వరుసగా పెట్టుకున్నాడు. దుకాణాలు అప్పుడే తెరుచుకుంటున్నాయి. మఫ్టీలో ఉన్న పోలీసులు బజారు రెండు చివర్లా నిలబడ్డారు.

ఉన్నట్టుండి ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి.

హరికృష్ణ తెరిచాడు. ఎల్లస్వామి ముఖం, ఎల్లస్వామి సంచి, అందులోకి కుక్కుతున్న ఒక పసిపిల్ల. కంప్యూటర్ తయారు చేసిందని అతనికి తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియకపోతే తనే నమ్మేవాడు.

"జామర్!" చెవిలో చీఫ్ అరిచాడు.

నొక్కాడు. ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది. నిన్న క్లాసులో దాన్ని పవర్ బ్యాంకే అనుకుని పద్మలత ఛార్జింగ్ పెట్టుకుంటానంటే కాదనలేక ఇచ్చాడు. ఆమె ఫోనుకు ఇప్పుడు ఫుల్ ఛార్జింగ్ ఉంది.

"గాడే! గా సంచోడే!" పాన్ డబ్బా దగ్గర నుంచి టోపీలు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు అరుస్తూ వచ్చారు. కొనడానికి వచ్చిన ఒకడు వాళ్ళ వెనక పరుగెత్తాడు. ఇంకెవరో. ఒకడు ఎల్లస్వామి కాలర్ పట్టుకుని లేపాడు. సీసా ఒకటి పగిలింది. "తేనె బిడ్డా, తేనె," అంటున్నాడు ముసలాయన, అంతకు మించి ఏమనాలో తెలియక. హరికృష్ణ మధ్యలో దూరాడు. భుజం మీద దెబ్బ పడింది. ఇంకా జనం మూగుతున్నారు, పోలీసులు ఆ గుంపుకు అవతలే ఇరుక్కుపోయారు.

"ఆగుర్రి!"

వరలక్ష్మి స్టీల్ బిందె మీద గరిటెతో కొడుతూ దుకాణం మెట్టు మీద నిలబడింది. "నాకింక బోణీ కాలే! బోణీ కాకముందు నా దుకాణం ముంగట కొట్లాట పెట్టేటోడు ఎవడ్రా?"

చేతులు ఆగాయి. ఆ బజారులో పుట్టినవాడు ఎవడైనా ఆ మాటకు ఆగాల్సిందే. ఆగనిది ఇద్దరే, టోపీలవాళ్ళు. వాళ్ళెవరో పోలీసులకు అప్పుడు స్పష్టంగా కనిపించింది.

"గీ వీడియోకు బోణీ ఎవలు చేసిన్రు?" వరలక్ష్మి మళ్ళీ అరిచింది. "చూసినోళ్ళు పేరు చెప్పుర్రి!"

"గా మేడం చూసింది! లైవ్‌ల చెప్తాంది!" టోపీవాడు వేలు చూపించాడు.

అందరూ తిరిగారు. ఎదురు మెట్ల మీద స్రవంతి, చాచిన చేతిలో ఫోన్. లక్షల మంది చూస్తున్నారు. ఆమె ఒక్క మాట అంటే ముసలాయన ప్రాణం అక్కడితో సరి.

స్రవంతి కళ్ళజోడు తీసింది.

"నేను చూడలే," అంది. మళ్ళీ గట్టిగా అంది. "నేను ఏం చూడలే. చూసిన అని అబద్ధం చెప్పమని నాకు పైసలిచ్చిన్రు. ఆ ఇద్దరు వాళ్ళ మనుషులే."

టోపీలు పరుగెత్తాయి. బజారు చివర పోలీసుల చేతుల్లో పడ్డాయి. వాళ్ళ ఫోన్లు పట్టుకుంటే విదేశంలోని కార్ఖానా ఆఫీసు దాకా దారి దొరికింది. దానికి తాళం పడుతుంది. ఇంకో ఊళ్ళో ఇంకో తలుపు తెరుచుకుంటుందని చీఫ్‌కు తెలుసు.

స్రవంతి వెళ్ళిపోతూ హరికృష్ణ దగ్గర ఒక్క నిమిషం ఆగింది. "నువ్వు ఏడ్చుకుంట చెప్తే యాక్టింగ్ అనుకుందును," అంది. "గట్ల చెప్పినవ్ కాబట్టి రాత్రంత నిద్ర పట్టలే."

కాలర్ పట్టుకున్నవాళ్ళు తలలు దించుకుని గాజుముక్కలు ఏరుతున్నారు. ఎల్లస్వామి ఒక కాలికే చెప్పుతో కూర్చుని ఉన్నాడు. హరికృష్ణ వంగి, బండ్ల కిందా మెట్ల కిందా వెతికి, రెండో చెప్పు తెచ్చి ఆయన కాలి దగ్గర పెట్టాడు. లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"మిషన్ సక్సెస్," అంది చెవిలో గొంతు. "ఎలా ఉంది నీకు?"

"నార్మల్ సర్."

ముసలాయన సీసా మూత తీసి, అతని అరచేతిలో కొంచెం తేనె పోశాడు. "తిను సారూ. అడవి తేనె. తియ్యగున్నదా?"

హరికృష్ణ నోట్లో వేసుకున్నాడు. చిక్కగా ఉంది, జిగటగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు. తలెత్తితే ఎల్లస్వామి అతని ముఖంలోకే చూస్తున్నాడు.

"మస్తు తియ్యగున్నది పెద్దయ్యా."

వరలక్ష్మి వెంటనే గ్రూపులో పెట్టింది: 'ఎల్లస్వామి తేనె అసలు సిసలుది. మస్తు తియ్యగున్నది.'

పద్మలత ఊరుకోలేదు: 'బోణీ ఎవలు చేసిన్రు?'

'సారే. నా కళ్ళ ముంగటనే తిన్నడు.'

ఇక ఆపేవాళ్ళెవరు? మధ్యాహ్నం బస్సు టైముకల్లా గోనె సంచి ఖాళీ అయిపోయింది. ఆ రోజు వరంగల్ బజారులో పరీక్షలన్నీ పాసై ఊరంతా తిరిగిన అబద్ధం అదొక్కటే.