కంచెకి అటూ ఇటూ

శుక్రవారం వేకువనే సైకిళ్ళు కారు వెనక కట్టుకుని పడమటి తీరానికి పోయే దుఖాన్ రోడ్డు ఎక్కడం గ్లోరియాకి ఆ చలికాలమే అలవాటైంది. ఆమె ఫిజియోథెరపిస్టు. రోజంతా ఎవరెవరి మోకాళ్ళో వంచి, చాచి, నడిపించే పని. "ఊరందరి మోకాళ్ళూ చూస్తావు గానీ, నీవి తుప్పు పడుతున్నాయక్కా" అని వెక్కిరించి, తమ్ముడు విన్సెంట్ ఆమె చేత ఒక మౌంటెన్ బైక్ కొనిపించాడు.

అమలాపురం కాలవ గట్ల మీద పెరిగిన వాళ్ళిద్దరికీ కొండ బాటలంటే సరదాయే. ఖతర్‌లో కొండలెక్కడివని నవ్వేవాళ్ళు నవ్వుతారు. పడమటి తీరాన మాత్రం తాటిచెట్టంత ఎత్తు సున్నపురాయి గుట్టలున్నాయి. గాలికి అరిగి, కొన్ని పుట్టగొడుగుల్లా, కొన్ని తల వంచుకున్న మనుషుల్లా నిలబడి ఉంటాయి. ఆ గుట్టల చుట్టూ సైకిలు చక్రాలు వేసిన సన్నటి బాట. బాట పక్కనే మైళ్ళ తరబడి ఇనుప కంచె. కంచెకి అవతల రక్షిత ప్రాంతం. పొడవు కొమ్ముల తెల్లటి ఒరిక్స్‌లూ, జింకలూ తిరిగే చోటు. మనుషులకి ప్రవేశం లేదు.

అమ్మ పోయినప్పుడు విన్సెంట్ చాలా చిన్నవాడు. వాణ్ణి పెంచింది గ్లోరియాయే. ఇక్కడ సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం చూపించిందీ ఆమే. అబూ హమూర్‌లో ఆమె ఇంట్లోనే ఉంటాడు. ఆమె భర్త ఎడ్వర్డ్‌కి సముద్రంలో చమురు రిగ్గు మీద డ్యూటీ. ఆ నెలంతా అతను ఇంట్లో లేడు.

ఇక్కడ సెలవూ, చర్చి ఆరాధనా శుక్రవారాలే. ఆ శుక్రవారం మంచు దిగింది. గుట్టల దగ్గర కారు ఆపేసరికి కళ్ళ ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. వాళ్ళకి ఈ బాటలు నేర్పిన అర్ఫాత్ అప్పటికే అక్కడున్నాడు. కోళికోడ్ మనిషి, టైర్ల షాపులో మేనేజరు, గ్లోరియాని తన భాషలో అక్కా అన్నట్టు చేచీ అంటాడు. అతని సైకిలు ముందు చక్రంలో గాలి లేదు.

"మీరు పదండి, ట్యూబు మార్చుకుని వస్తాను" అన్నాడు వచ్చీరాని హిందీలో. "కంచె ఎడమ చేతికి ఉండేలా తొక్కండి చాలు, చేచీ. దారి తప్పరు."

"ఇంత మంచులో ఎందుకురా, కాసేపు ఆగుదాం" అంది గ్లోరియా.

"ఆగితే చర్చికి ఆలస్యమైపోతుందక్కా. పదపద, యల్లా!" అంటూ విన్సెంట్ అప్పటికే పెడల్ మీద కాలేశాడు.

మొదట బాగానే ఉంది. తడిసిన సున్నపురాయి వాసన, దాని మీదుగా సముద్రపు ఉప్పు వాసన. హెల్మెట్ అంచు నుంచి నీటి చుక్కలు ముక్కు మీద పడుతున్నాయి. ఎడమ పక్కన కంచె స్తంభాలు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, మళ్ళీ మంచులోకి పోతున్నాయి. ముందు విన్సెంట్ సైకిలు వెనక దీపం, ఎర్రగా, చిన్న కుంకుడు గింజంత. వాడు పెడల్ ఆపినప్పుడల్లా చక్రం టిక్‌టిక్‌మనే చప్పుడు.

ఒక గుట్ట దిగేచోట బాట వంపు తిరుగుతుంది. ఎర్ర దీపం ఆ వంపులోకి జారింది. బ్రేకు కీచుమంది. రాళ్ళు దొర్లాయి. ఇనుము ఇనుముకి తగిలినట్టు ఒక్క చప్పుడు.

తర్వాత ఏమీ లేదు.

గ్లోరియా సైకిలు అక్కడే పడేసి కిందికి పరిగెత్తింది. వంపులో సైకిలు లేదు. మనిషి లేడు. ఎర్ర దీపమూ లేదు. ఆమె పడిపోకుండా కంచె పట్టుకుంది. తీగ సన్నగా రొద పెడుతోంది. గాలేమో లేదు.

"విన్సెంట్!"

"అక్కా..." ఎడమ పక్క నుంచి, చాలా దగ్గరగా. "పడ్డానక్కా."

ఆమె అటు తిరిగింది. కంచెకి అవతల, మంచులో, నేల మీద కూర్చున్న మనిషి నీడ. విన్సెంట్ హెల్మెట్, విన్సెంట్ భుజాలు. కంచె మనిషి కంటే ఎత్తు. ఎక్కడా తెగలేదు, వంగలేదు.

"లోపలికెలా పడ్డావురా?"

"తెలీదక్కా. కాలు కదలట్లేదు. చలేస్తోంది."

వాడు పాక్కుంటూ కంచె దాకా వచ్చాడు. తీగల సందులోంచి వేళ్ళు బయటికి పెట్టాడు. సగం వేళ్ళ గ్లవ్ వేసుకున్న చేత్తో గ్లోరియా ఆ వేళ్ళు పట్టుకుంది. చల్లగా, తడిగా ఉన్నాయి. వణుకుతున్నాయి. ఆమె వేళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి.

"ఉండు, అర్ఫాత్‌ని పిలుస్తాను. భయపడకు నాన్నా..."

"అక్కా."

ఈసారి గొంతు ఆమె వెనక నుంచి వచ్చింది.

"అక్కా, అక్కడెవరితో మాట్లాడుతున్నావు?"

గ్లోరియా ఆ వేళ్ళు వదలకుండానే మెల్లగా తల తిప్పింది. బాటకి కుడి పక్క, రాళ్ళ మధ్య, ఇంకో మనిషి నీడ. అదే హెల్మెట్. అవే భుజాలు. సైకిలు లేదు. నుదుటి నుంచి నల్లగా ఏదో కారుతోంది.

"రాళ్ళలో పడిపోయానక్కా. కాసేపు తెలివి లేదు. రా, పోదాం."

చేతిలో వేళ్ళు గట్టిగా నొక్కాయి.

"అక్కా, ఎవరది?" కంచె అవతలి గొంతు గుసగుసలాడింది. "వాడెవడక్కా, నాలాగా మాట్లాడుతున్నాడు?"

"అక్కా, దాని చెయ్యి వదులు" అన్నాడు ఇవతలివాడు. అంతే మెల్లగా.

గ్లోరియాకి ప్రార్థన గుర్తురాలేదు. ఏ మాటా గుర్తురాలేదు. కంచెకి అవతల దూరంగా ఏవో కదిలాయి. తెల్లటి ఒరిక్స్‌లు. మందంతా మంచులోంచి బయటికొచ్చి వరసగా నిలబడింది. ఒక్కటీ మేత మెయ్యడం లేదు. అన్నిటి తలలూ ఇటే. అవి చూస్తున్నది కంచె దగ్గరున్న వాణ్ణో, బాట మీదున్న వాణ్ణో ఆమెకి అంతుపట్టలేదు.

"అమ్మ పేరేంటి?" అంది. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

"అమృతమ్మ."

"అమృతమ్మ."

రెండు పక్కల నుంచీ ఒక్కసారే.

అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో ఆమెకే తెలియాలి. గట్టిగా ఊపిరి పీల్చుకుని అడిగింది.

"నాన్న నీకు ఎర్ర సైకిలు కొన్నాడు. గుర్తుందా?"

నాన్న వాడికి ఏ సైకిలూ కొనలేదు. వాడు తొక్కడం నేర్చుకుంది గ్లోరియా కాలేజీ సైకిలు మీద.

"గుర్తుందక్కా" అన్నాడు కంచె అవతలివాడు, పళ్ళు కొట్టుకుంటూ. "గుర్తుంది, గుర్తుంది... తొందరగా తీయించు అక్కా."

ఇవతలివాడు నుదురు తుడుచుకుని, చెయ్యి చూసుకున్నాడు. తర్వాత, "నాన్న నాకెప్పుడు సైకిలు కొన్నాడక్కా?" అన్నాడు.

గ్లోరియా చెయ్యి లాక్కుంది.

వేళ్ళు వదల్లేదు. గ్లవ్ ఊడి తీగల మధ్య ఉండిపోయింది. ఆమె ఇవతలివాడి చెయ్యి పట్టుకుని బాట మీద పరిగెత్తింది. ఈసారి కంచె కుడి చేతికి. వెనక నుంచి పిలుపు వస్తూనే ఉంది. అరుపు కాదు. చిన్నప్పుడు చీకట్లో దాహమేసి లేపినప్పుడు పిలిచేవాడే, అలాంటి పిలుపు. అక్కా... అక్కా... ఆమె చెవులు మూసుకోలేకపోయింది. ఒక చెయ్యి తమ్ముడి చేతిలో ఉంది.

అర్ఫాత్ ఎదురొచ్చాడు. ఇద్దరినీ చూసి, నుదుటి మీద నెత్తురు చూసి, కారు దాకా నడిపించుకొచ్చి తలుపు తీశాడు. అతనికి ఏ పిలుపూ వినపడలేదట.

ఆస్పత్రిలో స్కానింగు తీశారు. అంతా సరిగ్గానే ఉందన్నారు. నుదుటికి కుట్లు వేసి పంపించేశారు.

వారమంతా గ్లోరియా తమ్ముణ్ణి కనిపెట్టి చూసింది. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. మోకాలి మీద చిన్ననాటి గాయం మచ్చ ఉంది. ఆవకాయ అన్నంలో నెయ్యి వద్దనేవాడు, ఇప్పుడూ వద్దన్నాడు. డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు. రిగ్గు నుంచి ఎడ్వర్డ్ ఫోన్ చేస్తే "ఏం బావా, ఎప్పుడొస్తావు?" అని ఎప్పటిలాగే సరదాగా మాట్లాడాడు. ఆ పొద్దుటి సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఒకసారి ఆమె నోరు తెరవబోతే, "వద్దక్కా" అన్నాడు. అంతే.

క్లినిక్కులో ఒక రోగి భుజం పట్టుకుని చూస్తోంది ఆమె. "ఇక్కడ నొప్పా?" అంటే ఔనన్నాడు. "ఇక్కడ?" ఔనన్నాడు. చెయ్యి పెట్టకుండానే "ఇక్కడ?" అంది. కళ్ళు గట్టిగా మూసుకుని, దానికీ ఔనన్నాడు.

గ్లోరియా చేతులు ఆగిపోయాయి.

నొప్పిలో ఉన్నవాడు, భయంలో ఉన్నవాడు, ఏదడిగినా ఔననే అంటాడు. రోజూ చూసే సంగతే. కాలు విరిగి, చలికి వణుకుతూ, కంచె పట్టుకుని ఏడుస్తున్నవాడికి ఎర్ర సైకిలైతే ఏం, నల్ల ఏనుగైతే ఏం? 'గుర్తుందక్కా' అనక ఏమంటాడు? తాపీగా ఆలోచించి సరైన జవాబు చెప్పగలిగింది ఎవరు?

ఆ సాయంత్రమే అర్ఫాత్‌కి ఫోన్ చేసింది. విన్సెంట్ సైకిలు అక్కడే పోయింది, ఈసారి వెళ్ళినప్పుడు ఆ వంపులో ఒక్కసారి చూడమంది. అంతకు మించి చెప్పలేకపోయింది. తను వెళ్ళే ధైర్యం ఆమెకి లేదు.

శుక్రవారం వచ్చింది. చర్చి నుంచి వచ్చాక విన్సెంట్ చేపముక్కలు వేయిస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. ఎండ కిటికీ నిండా పడుతోంది. గ్లోరియా బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఫోన్ మోగి ఆగింది. అర్ఫాత్ మెసేజి.

"సైకిలు కనపడింది, చేచీ. కంచె లోపలుంది. గార్డుని అడిగితే ఈ పక్క గేటు నెలరోజులుగా తియ్యలేదంటున్నాడు. లోపలంతా వెతికాడు, మనిషెవరూ లేరు. కానీ ఎవరో మాట్లాడుతున్నారు. ఇద్దరం విన్నాం. మీ భాషలా ఉంది, నాకు అర్థం కాలేదు. రికార్డు చేశాను, వినండి."

పొయ్యి పైన పొగ లాగే ఫ్యాను హోరుమంటోంది. ఆమె ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని నొక్కింది.

గాలి. తీగ రొద. అర్ఫాత్ బూట్ల కింద రాళ్ళ చప్పుడు. చాలాసేపు అంతే.

తర్వాత గొంతు. నీరసంగా, బొంగురుగా, ఊపిరి అందనట్టుగా.

"అక్కా... వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళావా?"

గాలి.

"నా మంచం మీదే పడుకుంటున్నాడా అక్కా?"

రికార్డింగ్ అయిపోయింది. గ్లోరియా కదల్లేదు. కత్తి చేతిలోనే ఉంది. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. విన్సెంట్ అటు తిరిగే ఉన్నాడు. ఒక చేపముక్క జాగ్రత్తగా తిరగేశాడు. ఇంకోటి తిరగేశాడు. చెయ్యి చాచి ఫ్యాను ఆపేశాడు.

"వాడింకా అక్కడే ఉన్నాడా అక్కా?" అన్నాడు మెల్లగా.