మట్టి మెత్తబడిన రోజు

"గుంట లోతు ఎక్కువొచ్చింది. మీ జెల్ ఫెయిలండీ," అన్నాడతను, తలెత్తకుండా.

పోలీసుల కోసం తేలికైన రక్షణ కోటు తయారుచేసే ల్యాబ్ అది. ఆమె జెల్ కలుపుతుంది. ముట్టుకుంటే వెన్నముద్దలా ఉండి, దెబ్బ పడగానే బిగుసుకుపోయే జెల్. అతను దాన్ని బంకమట్టి దిమ్మ మీద పరిచి, పైనుంచి ఇనుప గుండు వదిలి, మట్టిలో పడిన గుంట కొలుస్తాడు. గుంట ఎంత లోతైతే ఒంటికి అంత దెబ్బ. ల్యాబ్‌లో అందరికీ అతను బంకమట్టి బాబు.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా? కాస్త నా మొహం చూసి చెప్పండి."

"చూడకపోతేనే మంచిదండీ."

ఆమెకి ఒళ్లు మండింది. ఆమె అక్క పోలీసు. బరువు కోటు మోసి మోసి ఇంటికొచ్చి, "నడుం పోయిందే చెల్లీ," అంటూ కూలబడుతుంది. ఇవాళ ల్యాబ్ హెడ్ మేడమ్ ఏదో ఒక జెల్ ఖాయం చేయాలి. పోటీలో ఉన్న రెండోది గట్టిదే, కాని దాదాపు పాత కోటంత బరువు.

మేడమ్ వచ్చి కొలత చూశారు. "సరే, బరువుదే తీసుకుందాం," అని పెన్ను తీశారు.

"ఆగండి మేడమ్." అతని చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు జెల్‌ది కాదు, నాది. వెచ్చబెట్టడానికి మట్టిని ఓవెన్‌లో పెట్టి మరిచిపోయాను. మరీ మెత్తబడిపోయింది. చెప్పడానికి మొహమాటపడ్డాను."

"నువ్వు మరవడమేంటయ్యా?"

"అప్పుడే ఈవిడ వానలో తడిసి వచ్చారు. ఆ కిటికీ దగ్గర జడ పిండుకుంటున్నారు."

"అయితే?"

"అంతే మేడమ్."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె మాత్రం మంటలార్పే సిలిండర్ ఎలా వాడాలో గోడ మీద రాసి ఉన్నది శ్రద్ధగా చదువుతోంది.

కొత్త దిమ్మ పెట్టారు. ఈసారి అతను ఓవెన్ ముందునుంచి కదల్లేదు. గుండు పడింది. చెంచాడు నీళ్లు నిలిచేంత గుంట కూడా పడలేదు.

"తేలికదే ఖాయం," అంటూ మేడమ్ సంతకం చేశారు. "ఇంకో మాట. ఇకమీదట పరీక్ష అయ్యేదాకా ఈ అమ్మాయి ఈ గదిలోకి రాకూడదు."

"అలాగే మేడమ్," అంటూ కదిలిన ఆమె గుమ్మం దగ్గర ఆగి, అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ఇవాళ్టి పరీక్ష అయిపోయినట్టే కదండీ?"

అతను ఖాళీ ఓవెన్ తలుపు తీసి మళ్లీ మూశాడు.

"అయిపోయిందమ్మా," అని మేడమే చెప్పి, బయటికి నడిచారు.